ముందు రోజు తిరునాళ్ళు

మద్రాసు చుట్టుపక్కల మా బావ కోదండరాం వెళ్ళని తిరునాళ్ళు లేవు. అయితే ఆయన వెళ్ళినప్పుడు ఏ ఒక్కటీ జరగలేదు. ఎందుకంటే ఆయన ఎప్పుడూ ముందు రోజే వెళ్ళేవాడు.

అవునండీ, ముందు రోజు. పొరపాటున కాదు. పంచాంగం చూసి, ఆలోచించి, అందరికీ చెప్పి మరీ వెళ్ళేవాడు. రేపు తేరు అంటే ఈ రోజు మేము ఆ ఊళ్ళో దిగేవాళ్ళం. లోకమంతా అక్కడికి చేరే వేళకు మేము తొండియార్‌పేటలో ఇంటి గడప మీద కూర్చుని ఉండేవాళ్ళం. "పాపం, ఈపాటికి ఆడ ఒకర్నొకరు తొక్కుకుంటా ఉంటారు," అని బావ జాలిపడేవాడు. మేమూ జాలిపడేవాళ్ళం. ఇంకేం చేస్తాం?

బావ జార్జి టౌన్‌లో వరదయ్య సెట్టిగారి మండీలో చింతపండు, ఎండుమిరపకాయల కొనుగోళ్ళు చూసేవాడు. సీజన్ ముదరక ముందే ఊళ్ళు తిరిగి, సరుకు చూసి, మాట ఖాయం చేసుకుని రావడం ఆయన పని. జనమంతా ఎగబడ్డాక కొనేవాడు వ్యాపారి కాదు, మొహం వాచినవాడు అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతో సెట్టిగారి మండీ మూడు పూవులు ఆరు కాయలుగా ఉండేది. అదే సిద్ధాంతాన్ని బావ ఇంటికి తెచ్చి దేవుళ్ళ మీద కూడా ప్రయోగించాడు. అక్కడే మా అక్క అమ్మణికి అన్యాయం జరిగింది.

నేను అమ్మణి చెల్లెలిని, మంగను. పక్క వీధిలోనే మా ఇల్లు. మా ఆయన మునిరాజుకు హార్బరులో క్రేను పని, ఆదివారాలు కూడా డ్యూటీ పడేది. అందువల్ల అక్కాబావలు ఎక్కడికి బయల్దేరినా నన్ను వెంటేసుకుని పోయేవాళ్ళు. కనక నేను చెప్పేది విన్న మాట కాదు, కాళ్ళు నొప్పులు పుట్టేలా తిరిగి చూసిన మాట.

తిరుత్తణి ఆడికృత్తికకు వెళ్ళి మేము కావళ్ళను చూడలేదు, జనాన్ని ఆపడానికి కడుతున్న వెదురు కంచెలను చూశాం. పెరియపాళెంలో వేపాకు చుట్టుకుని ప్రదక్షిణం చేసే ఆడవాళ్ళు కనబడలేదు. వేపమండలు దించుతున్న లారీ కనబడింది. ఒక ఊళ్ళో తెప్పోత్సవం అన్నాడు. వెళితే తెప్ప ఒడ్డున బోర్లా పడి ఉంది, నలుగురు మనుషులు బీడీలు కాలుస్తూ దానికి డ్రమ్ములు కడుతున్నారు. ఇంకో ఊళ్ళో నిప్పులు తొక్కే గుండంలో ఇంకా కట్టెలే ఉన్నాయి. బావ వాటి చుట్టూ తిరిగి, అవి ఏ చెట్టు కట్టెలో మాకు వివరించాడు. తీవుత్తిడల్ మైదానంలో పెట్టే పెద్ద ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతే రంగుల రాట్నం నిలబెట్టారు గానీ దానికి ఇంకా తొట్లు తగిలించలేదు. "ఇదో, ఈడనే కూర్చుంటారు జనం," అని బావ గాలిలోకి చెయ్యి చూపించాడు. మేము గాలిని చూసి తలలు ఊపాం.

నిజం చెప్పొద్దూ, సుఖంగానే ఉండేది. రైల్లో సీటు, బస్సులో సీటు, గుళ్ళో దేవుడు తీరిగ్గా ఉండేవాడు. పూజారి మా గోత్రాలతో పాటు మా ఇంటి విశేషాలు కూడా అడిగేవాడు. సగం వేసిన పందిరి కింద పులిహోర తిని, మిగతా సగం వేసేవాళ్ళకు కాస్త పెట్టి, ఎండ తగ్గాక ఇంటికి వచ్చేవాళ్ళం. రాత్రికి కాళ్ళు కడుక్కుని, "చూసినారా, ఒక్క చొక్కా గుండీ ఊడిందా?" అని బావ అందరినీ అడిగేవాడు. ఊడలేదని ఒప్పుకోవాల్సి వచ్చేది.

మరునాడు మండీలో ఆయన చెప్పే తిరునాళ్ళు వేరు. మూటల మీద కూర్చున్న హమాలీలకు, "తేరు వీధి మలుపు తిరిగేటప్పుడు చూడాలబ్బా, పైన కలశం ఒక పక్కకి ఒరగతాది, జనం గుండెలు ఆగిపోతాయి," అని చేతులు తిప్పుతూ చెప్పేవాడు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఆయన కదిలే తేరును చూసింది చిన్నతనంలో ఒకే ఒకసారి. ఆ రోజు గుంపులో ఎవరో కాలు తొక్కి, ఆయన కొత్త చెప్పుల్లో ఒకటి పోయిందట. ఆ పోయిన చెప్పు కోసం మా అక్క శిక్ష అనుభవించింది.

ఎందుకంటే మా అక్కకు దేవుళ్ళ మీద కన్నా తేర్ల మీద భక్తి ఎక్కువ. రాయపురంలో మేము పెరిగిన ఇంట్లో ఆడపిల్లల్ని గుంపుల్లోకి పంపే అలవాటు లేదు. "పెళ్ళైనాంక మొగుడితో పోయి చూద్దువులే," అనేది మా అమ్మ కమలాంబ. పెళ్ళయింది. మొగుడూ దొరికాడు, తేర్లున్న ఊళ్ళన్నీ తిప్పేవాడే దొరికాడు. తేరు మాత్రం కదలలేదు.

ప్రతి ఊళ్ళోనూ అక్క తేరు దగ్గరికి పోయి, తనకన్నా ఎత్తున్న చక్రం మీద చెయ్యి పెట్టి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేది. "ఇంత కొండ ఎట్ట కదల్తాదే మంగా?" అని ప్రతిసారీ అదే అడిగేది. నేనేం చెప్తాను, నేనూ ఆ తానులో ముక్కనే. ఒకసారి ఉండబట్టలేక బావనే అడిగింది.

"ఏమండి, ఒక్క తూరి తేరు కదిలేనాడు పోదామండి."

"కదిల్తే ఏముండాది అమ్మణీ? ఆడుండేది ఈడికి వస్తాది. అంతే గదా."

"ఆ వచ్చేదే చూడాలని ఉండాది."

"వచ్చినాంక చూసినా అదే తేరు."

దీనికి జవాబు చెప్పగల మొనగాడు ఎవరైనా ఉంటే రమ్మనండి. అక్క గమ్మున ఊరుకుంది. అక్క ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని బావ అనుకున్నాడు. మిరపకాయను వాసన చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషికి, ఇంట్లో ఉన్న మనిషి మనసు తెలియలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

తొంభై ఏడులో పంగుని నెల ఉత్తిరం పండగ వచ్చింది. ఈసారి ఏ ఊరని అడగొద్దు. తిరువళ్ళూరు దాటి పోవాలి, అంతవరకే చెప్తాను. మా పెదనాన్న కొడుకు అత్తగారిది ఆ ఊరే, రేపు నాకు మాటొస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన తెలుగువాళ్ళకు పండగంటే తిథి. చవితి అంటాం, నవమి అంటాం, పౌర్ణమి అంటాం. అరవవాళ్ళు నక్షత్రం చూస్తారు. ఉత్తిరం అంటే ఉత్తరా నక్షత్రం, పౌర్ణమి కాదు. చాలా ఏళ్ళు రెండూ ఒకే రోజు పడతాయి. అందుకని తాతల కాలం నుంచి ఈ ఊళ్ళో ఉన్న మాలాంటివాళ్ళు కూడా రెండూ ఒకటేననుకుని బతికేస్తారు. ఆ ఏడు మాత్రం నక్షత్రం ఆదివారం పడింది, పౌర్ణమి సోమవారం పడింది. బావ తెలుగు పంచాంగం తిరగేసి, "సోమవారం పున్నమి. అంటే సోమవారం తేరు. మనం ఆదివారం పోతాం," అని తీర్పు చెప్పాడు. ఆదివారం మండీకి ఎలాగూ సెలవు. దేవుడే కలిపి ఇచ్చాడని మురిసిపోయాడు.

వాళ్ళ కొడుకు శివరామ్ రానన్నాడు. కాలేజీ కుర్రాడు, ఇంట్లో తెలుగులో అడిగినా అరవంలోనే జవాబు చెప్తాడు. "నిక్కిర తేరై పాక్క నాన్ వరలప్పా," అని ముసుగు తన్ని పడుకున్నాడు. నిలబడ్డ తేరును చూడ్డానికి నేను రాను నాన్నా అని దాని అర్థం. వాడి తప్పేం లేదు, వాడు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు.

బేసిన్ బ్రిడ్జిలో రైలెక్కేటప్పుడు అక్కను చూసి నేను తెల్లబోయాను. కంచి పట్టుచీర, తలనిండా మల్లెలు. ముందు రోజు తిరునాళ్ళకు ఎప్పుడూ నూలుచీరే కట్టేది. డ్రమ్ములు కట్టేవాళ్ళ కోసం పట్టుచీర ఎవరు కడతారు? రైలు కదిలాక చెవిలో అడిగాను.

"ఏందక్కా, ఈ అలంకారం?"

"ఈ పొద్దే తేరు," అంది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మన వీధిలో పూలమ్మే ఆమెది ఆ ఊరే. ఆదివారం మా ఊళ్ళో తేరు, పూలు తేను అనె."

"బావకు చెప్పినావా?"

"నన్ను అడిగినారా?"

ఆ మాట విని రైల్లోనే అక్కను కావిలించుకోవాలనిపించింది. ఇన్నేళ్ళూ ఊరుకుని ఊరుకుని, ఆ ఊరుకోవడంతోనే పని సాధించింది మా అక్క. అబద్ధం చెప్పిందా, లేదు. ఎదిరించిందా, అదీ లేదు.

బావకు జనం కనబడక కాదు. రైల్లో నిలబడడానికి చోటు లేదు. తిరువళ్ళూరులో బస్సు మెట్ల మీద కూడా మనుషులు వేలాడుతున్నారు. పసుపుబట్టల వాళ్ళు, గుండు కొట్టించుకోవడానికి పిల్లల్ని ఎత్తుకొచ్చిన వాళ్ళు, కొబ్బరికాయల సంచులు. ఎవరిదో మోచెయ్యి బావ పక్కటెముకల్లో దిగింది. ఇంకొకరైతే అనుమానపడేవాళ్ళు. బావ మా వైపు తిరిగి గర్వంగా నవ్వాడు.

"ముందురోజే ఇంత జనముంటే రేపు ఎట్టుంటాదో చూడండి! దీనికే నేను చెప్పేది."

"నీ ముందుచూపు ఎవరికొస్తాది బావా," అన్నాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊళ్ళో దిగాం. వీధి మొదట్లోనే మేళాలు వినబడ్డాయి. ఇంటింటి ముందూ ముగ్గులు, అడుగడుక్కీ మజ్జిగ పందిళ్ళు. వీధి నడిమధ్యన తేరు. గుడ్డలు కట్టి, అరటిచెట్లు కట్టి, లోపల దేవుణ్ణి పెట్టి, చక్రాలకు నూనె పోసి ఉంది. ముందర రెండు మోకులు వీధి పొడుగునా పరిచి ఉన్నాయి. అప్పటికి బావకు చెమటలు పట్టాయి. మజ్జిగ పోస్తున్నతన్ని పట్టుకుని, తేరు ఎప్పుడని అడిగాడు.

"ఇన్నిక్కి దాన్ సార్," అన్నాడతను. ఈ రోజేనట. ఇంతమంది కళ్ళముందు కనబడుతుంటే ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, ఒక గ్లాసు మజ్జిగ ఎక్కువ పోశాడు.

బావ ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. సంచీని రొమ్ముకు హత్తుకుని, "లెక్క యాడనో తప్పింది. పదండి, పోదాం," అన్నాడు.

"నేను రాను," అంది అక్క.

గట్టిగా కూడా అనలేదు. బావ వినబడనట్టు రెండడుగులు వేసి, వెనక ఎవరూ రాకపోయేసరికి ఆగాడు.

"ఏందమ్మణీ, ఈ జనంలో? తొక్కేస్తారు."

"తొక్కనీ. తేరు కదిలినాంకనే వస్తా. మీకు వద్దంటే మీరు పోండి."

పెళ్ళైనప్పటి నుంచి ఆయనతో అక్క అన్న కఠినమైన మాట అదే. బావ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చివరికి ఆయనలోని వ్యాపారి ఒక బేరానికి వచ్చాడు. "సరే, పది గంటలకు తేరంట. మీరు చూసుకుని రండి. నేను ముందే పోయి బస్సులో మూడు సీట్లు పట్టి పెడతా. ఆలస్యమైతే నిలబడి పోవాల," అని చెప్పి, పులిహోర సంచీతో సహా బస్టాండుకు పోయాడు. మా తిండి ఆయన దగ్గరే ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

పది గంటల తేరు మధ్యాహ్నం దాటినా కదలలేదు. ఎవరో పెద్దమనిషి వచ్చి మొదట మోకు ముట్టుకోవాలట. ఆ పెద్దమనిషి ఇంకా స్నానం చేస్తున్నాడని ఒకరు, ఫలహారం చేస్తున్నాడని ఒకరు చెప్పారు. మేము ఒక ఇంటి అరుగెక్కి నిలబడ్డాం. అక్క రెప్ప వెయ్యలేదు. నీళ్ళు తాగుదాం రమ్మంటే, ఆ లోపల కదిలిపోతే అంటుంది. కాసేపు నీడకు పోదామంటే, నువ్వు పో అంటుంది. ఎండకు ఆమె మొహం కందిపోయింది. దేవుడా, ఈ ఒక్కసారి కదులు తండ్రీ, ఇది కూడా నిలబడిపోతే మా అక్క బతుకంతా ఇంతే అనుకుంటుంది అని నేను మొక్కుకున్నాను. నేను అంత గట్టిగా మొక్కుకోవడం చాలా అరుదు.

అక్కడ బస్టాండులో బావ మరో ఉత్సవం జరుపుకుంటున్నాడు. బస్సు రాగానే గుంపులో పడి ఎక్కడం, తువ్వాలు, సంచీ పరిచి మూడు సీట్లు పట్టడం, వచ్చినవాళ్ళందరితో పోట్లాడడం, బస్సు బయల్దేరుతుంటే మేము రాలేదని దిగిపోవడం. మళ్ళీ బస్సు రావడం, మళ్ళీ ఎక్కడం. జనమంటే పడని మనిషి ఆ రోజంతా మద్రాసు బస్సుల జనంతో కుస్తీలు పట్టాడు. చొక్కా గుండీలు రెండు ఊడిపోయాయి. ఆఖరికి భయం పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

సరిగ్గా అప్పుడే పెద్దమనిషి వచ్చాడు. డప్పులు మోగాయి. మగవాళ్ళు ఒక మోకు, ఆడవాళ్ళు ఒక మోకు పట్టుకున్నారు. నేను అక్క వైపు తిరిగేసరికి అరుగు మీద ఆమె చెప్పులు మాత్రమే ఉన్నాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ తొయ్యలేదు. పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపి, గుంపులోకి దూరి, మోకు పట్టుకుని నిలబడింది మా అక్క.

"అక్కా! పడతావే!" అని అరిచాను. ఆ గోలలో నా అరుపు నాకే వినబడలేదు.

అందరూ ఒక్కసారిగా లాగారు. తేరు కదల్లేదు. మళ్ళీ లాగారు. ఎక్కడో చెక్క కిర్రుమంది. ఇంతలో ఎదురుగా మూసి ఉన్న దుకాణం మెట్ల మీద, సంచీ నెత్తిన పెట్టుకుని బావ కనబడ్డాడు. మూడోసారి లాగారు. అంత పెద్ద కొండ ముందుకు ఒరిగి, అమ్మో, కదిలింది! గుడ్డలన్నీ ఒక్కసారి ఊగాయి, గంటలు మోగాయి, చక్రం నేలను నలుపుతూ తిరిగింది, అరుగు నా కాళ్ళ కింద అదిరింది. నాకు ఏడుపు వచ్చేసింది. ఎందుకని అడిగితే చెప్పలేను.

మోకు పట్టుకున్నవాళ్ళు తేరు వైపు వీపు పెట్టి, తల వంచి లాగుతూ పరుగెత్తాలి. ఆగి వెనక్కి తిరిగితే వెనకవాళ్ళు మీద పడతారు, చక్రం వస్తూనే ఉంటుంది. అక్క ఒకసారి తిరగబోయింది. వెనకావిడ భుజం పట్టి ముందుకు నెట్టి, "తిరుంబాదేమ్మా!" అని, వెనక్కి తిరగొద్దని కసిరింది. అక్క మళ్ళీ తిరగలేదు. వీధి చివరిదాకా అలాగే లాగింది.

తేరు ఆగాక మా దగ్గరికి వచ్చింది. తలలో పూలు లేవు, పట్టుచీర అంచు చిరిగింది, అరచేతులు ఎర్రగా పొక్కిపోయాయి. "కదిలిందే మంగా! నా చేతిలో కదిలింది! అట్ట గుంజతా ఉంటే జివ్వున వస్తా ఉండాదే!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. ఆమె మొహంలో ఆ వెలుగు నేను పెళ్ళిపీటల మీద కూడా చూడలేదు.

బస్సులో సీటు దొరకలేదు. పొద్దున్నించీ సీట్లు పట్టిన మనిషితో సహా ముగ్గురం కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. వాళ్ళిద్దరూ పక్కపక్కన, నేను వెనక. ఊరు దాటాక అక్క ఉత్సాహం కొంచెం దిగింది. ఏదో గుర్తొచ్చినట్టు బావ వైపు తిరిగింది.

"ఏమండి, మీరు మెట్ల మీదనే ఉంటిరి గదా. కదిలేటప్పుడు ఎట్టుండింది? నాకు కనబళ్ళేదు."

చూడని తేర్లను చేతులు తిప్పి వర్ణించే మా బావ ఈసారి కమ్మీ మీది చెయ్యి తియ్యలేదు.

"నేనేం చూస్తి అమ్మణీ? నువ్వు యాడ పడిపోతావో, యాడ తొక్కేస్తారో అని నీ తలకాయనే చూస్తా ఉంటి. తేరు నా ముందరే పోయిందంటారు. నాకు తెల్లేదు."

అక్క ఆయన చొక్కాకు గుండీలు ఊడిన చోట చూసింది.

"అయితే ఈ తూరి కూడా ఇద్దరం చూళ్ళేదన్నమాట," అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు కారాయి. బావ ఆమె చెయ్యి కమ్మీ మీద నుంచి తీసి, పొక్కులు చూసి, తన తువ్వాలు దానికి చుట్టాడు.

"వచ్చే ఏడు పోదాం," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఉత్తిరం నాడే."

"జనం ఉంటారే?"

"ఉంటే ఉంటారు. అప్పుడు మోకు పట్టుకోబాక. నా పక్కన నిలబడుకో."

"మీరు నన్ను చూస్తా ఉండకూడదు. తేరును చూడాల."

"సరేలే."

వాళ్ళ వెనక ఉన్న నేను మొత్తం చూశాను. అది ఒరిగింది చూశాను, గుడ్డలు ఊగింది చూశాను, చక్రం తిరిగింది చూశాను. నన్ను మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నేను చెప్తాను అక్కా అని మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే వాళ్ళు వచ్చే ఏడు ఏ అరుగు మీద నిలబడాలో, ఎన్ని గంటల రైలుకు రావాలో మాట్లాడుకుంటున్నారు. నేను చెప్పేస్తే మళ్ళీ వెళ్ళే పని ఏముంటుంది? మిరపకాయ కొరికినట్టు పెదవి బిగబట్టి నిలబడ్డాను. నా జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.